ఆదివారం లెక్క

ఆ ఏడు తాబీ పంటకు మా చెరువు నీళ్లు చివరి మడి దాకా అందాయి. వానలు మొహం చాటేసి, చెరువు సగమే నిండిన ఏడు అది. ఆ సగం నీళ్లతో ఒక్క మడి కూడా ఎండకుండా ఎండాకాలపు వరిని గట్టెక్కించినవాడు మా బాపు, నీరటి ఇస్రాయేలు. చెరువు తూము ఎత్తడం, దించడం, ఎవరి వంతు నీళ్లు వాళ్లకు పారించడం మా వంశం పని. ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ ఆ ఏటి మాట చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ ఏడు అంటే ఒక చిన్న గాజు సీసా, అందులో గోలీలు, ఆదివారం ఆదివారం కూర్చుని వాటిని లెక్కపెట్టిన నా తెలివి. ఆ తెలివిని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అవి యుద్ధం రోజులు. మా ఊరికి రెండు కోసుల దూరంలో ఉన్న మిషన్ దవాఖానలో నేను నర్సు పని నేర్చుకుని, అక్కడే జీతానికి కుదిరి రెండేళ్లయింది. మా వాడలో తెల్లచీర కట్టుకుని, గడియారం చూసి నాడి పట్టే మొదటి ఆడపిల్లను నేనే. అందుకు తగ్గ గర్వం కూడా ఉండేది. కట్టంగూరు సంతకు పోయేవాళ్లతో మా అమ్మ సాలమ్మ, "ఏమన్నయితే మా సమాధానం కాడికి పోండ్రి, సూది ఏస్తది" అని నా పేరు చెప్పి పంపేదట, వాళ్లకు ఒంట్లో బాగుందో లేదో అడగకుండానే.

నాట్లు పడుతున్న రోజుల్లో ఒక పొద్దున బాపు నాకు అనపకాయలు మూటగట్టుకుని దవాఖానకు వచ్చాడు. గేటు నుంచి వార్డు దాకా వంద అడుగులు కూడా ఉండదు. నేను వరండాలో నిలబడి చూస్తూనే ఉన్నాను. సగం దూరం వచ్చి ఆగాడు. వేపచెట్టు మొదలు పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. మళ్లీ నడిచాడు. మళ్లీ ఆగాడు, ఈసారి గోడ పట్టుకుని.

"ఏంది బాపూ, పెండ్లికొడుకు నడిచినట్టు నడుస్తున్నవ్?" అన్నాను.

"గాలి ఎదురొస్తాంది బిడ్డా. గందుకే జర ఆగుతున్న."

నవ్వాను. నర్సునై ఉండి నవ్వాను. నా వెనకే ఉన్న డాక్టరమ్మ నవ్వలేదు.

డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. చిన్నా పెద్దా లేకుండా రోగులందరినీ "అండీ", "గారూ" అని పిలిచేది. మా వైపు వాళ్లకు ఆ పిలుపు వింటే చక్కిలిగింతలు పెట్టినట్టు ఉండేది.

"ఇస్రాయేలు గారూ, మీరు ఆగినప్పుడు నొప్పి ఎక్కడండీ?" అని అడిగింది.

బాపు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరో వచ్చారనుకుని. ఊళ్లో ఆయనను కొత్త పేరుతో పిలిచే దిక్కే లేదు. బాప్తిస్మం పొంది పదిహేనేళ్లయినా కాపులందరికీ పాత పేరే, పెద్దులు. ఇక గారు ఎక్కడిది?

"నొప్పి గాదమ్మా," అన్నాడు చివరికి. "రొమ్ము మీద ఎవడో కాలు పెట్టి తొక్కినట్టుంటది. ఎడమ చెయ్యి చిటికెన ఏలు దాక గుంజుతది. నిలబడితే పోతది."

"ఎప్పటినుంచి?"

"ఈ యేడు చెరువు నిండలేదని తెలిసినకాన్నుంచి."

డాక్టరమ్మ ఆయనను బల్ల మీద పడుకోబెట్టి చాలాసేపు చూసింది. దానికి ఆంజైనా అని పేరు చెప్పింది. గుండెకు నెత్తురు తెచ్చే నాళాలు సన్నబడిపోయాయని, నడిచినప్పుడు, బరువు ఎత్తినప్పుడు, కోపం వచ్చినప్పుడు గుండె ఎక్కువ నెత్తురు అడుగుతుందని, అది అందక నొప్పి వస్తుందని ఓపికగా వివరించింది. నాకు ఆ పాఠం అర్థం కావడానికి నెల పట్టింది. బాపుకు అక్కడే అర్థమైంది.

"కాలువల పూడిక పడ్డదన్నట్టు."

"అంతేనండీ."

"తియ్యరాదా?"

"తియ్యడానికి రాదండీ. మీరే దాన్ని ఎక్కువ అడగకుండా చూసుకోవాలి."

బాపు తల ఊపాడు. పూడిక తీయలేని కాలువ ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆ సంగతి మాత్రం అడగలేదు.

అలమారలోంచి ఆమె ఒక చిన్న గాజు సీసా తీసింది. గోధుమ రంగు గాజు, బిరడా గట్టిగా బిగించి ఉంది. లోపల జొన్నగింజ కన్నా కాస్త పెద్దవి, యాభై గోలీలు. మా దవాఖానలో ఉన్నది ఆ ఒక్క సీసానే. "నొప్పి మొదలవగానే కూర్చుని, ఒకటి నాలుక కింద పెట్టుకోండి. మింగకూడదు. తల దిమ్ముగా ఉంటుంది, మొహం వేడెక్కుతుంది, భయపడకండి. నొప్పి వచ్చిన ప్రతిసారీ పెట్టుకోవాలి, ఓర్చుకోకూడదు," అంది. తర్వాత నాతో విడిగా, "ఓడలు రావడం లేదు. మద్రాసులోనే దొరకడం లేదు. ఇది అయిపోతే మళ్లీ ఎప్పుడో చెప్పలేను," అంది.

గేటు దాకా సాగనంపుతూ నొప్పి వచ్చినప్పుడల్లా పెట్టుకోమన్న మాట, మళ్లీ దొరకవన్న మాట, నేను రెండూ బాపుకు చెప్పాను. కాని రెండోదే గట్టిగా చెప్పాను. "పైలంగ వాడు బాపూ. మల్ల దొరకయి." నీరటి చెవికి ఈ రెంటిలో ఏ మాట ఎక్కుతుందో కన్నకూతురిని, నాకు తెలిసి ఉండాల్సింది.

ఆ ఆదివారం ఇంటికి పోయి అమ్మనూ బాపునూ ఎదురుగా కూర్చోబెట్టి నియమాలు చెప్పాను. చుట్ట మానెయ్యాలి. కడుపు నిండా ఒకేసారి తినకుండా కొంచెం కొంచెంగా మూడు నాలుగుసార్లు తినాలి. తిన్న వెంటనే చెరువుకట్ట ఎక్కకూడదు. కోపం తెచ్చుకోకూడదు.

"నీరటికి కోపం రాకుంటే నీళ్లెట్ల పారతయ్?" అన్నాడు బాపు.

"తూము ముట్టొద్దు."

ఆ మాటకు మాత్రం ఇద్దరూ నా మొహం వంక చూశారు. మా చెరువు తూము ఎత్తాలంటే గుండెల లోతు నీళ్లలో దిగాలి. అడుగున రాతి కంతకు బిగించిన చెక్క దిమ్మె ఉంటుంది. దాని నిలువు కర్రను చంకలో ఇరికించుకుని, మెలితిప్పి, ఊపిరి బిగబట్టి పైకి లాగాలి. రోజుకు రెండుసార్లు ఎత్తాలి, రెండుసార్లు దించాలి. నీరటి వంశంలో వాళ్లు తప్ప ఇంకొకరు ఆ కర్ర ముడితే చెరువుకు కోపం వస్తుందని ఊరి నమ్మకం. బాపు కాకపోతే ఇక మిగిలింది మా చిన్నాయన ఏసోబు. ఆయన ఎప్పటినుంచో ఆ కర్ర కోసమే కాచుకుని ఉన్నాడు. తూము ఎవరి చేతిలో ఉంటే కల్లాల మీద రైతులు కొలిచే గింజలు వాళ్లవి, కట్ట మీద ఊరితో మాట్లాడే నోరూ వాళ్లదే.

"కొన్ని రోజులు ఏసోబు చిన్నాయన ఎత్తుతడు. నువ్వు కట్ట మీద కూసోని చెప్పు," అన్నాను.

"నువ్వు చదువుకున్నదానివి," అన్నాడు బాపు.

నేను సీసా పట్టేంత చిన్న సంచి కుట్టి బాపు మెడలో వేశాను. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నడిచి ఇంటికి పోవడం, చేతులు కడుక్కుని, సీసా తీసి, గోలీలు అరచేతిలో పోసుకుని లెక్కపెట్టడం, పుస్తకంలో రాసుకోవడం. మొదటి వారం ఎనిమిది తగ్గాయి. రెండో వారం ఏడు. ఎన్ని గోలీలు తగ్గితే అన్నిసార్లు నొప్పి వచ్చిందని అర్థం. నేను చదువుకున్న పాఠంలో అట్లాగే ఉంది. డాక్టరమ్మ కూడా నా పుస్తకం చూసి, "బాగా రాస్తున్నావు," అంది. ఆ మెప్పుకు రెండు రోజులు నాకు అన్నం సహించలేదు, సంతోషంతో.

మూడో వారం తొమ్మిది తగ్గాయి. ఏమైందంటే అమ్మ చెప్పింది. ఏసోబు చిన్నాయన దిమ్మెను సరిగా బిగించకపోవడంతో ఒక పూటంతా నీళ్లు ఊరికే కాలువలో పోయాయట. బాపు అది చూసి కట్ట మీదినుంచి కేకలు వేసి, అక్కడే రొమ్ము పట్టుకుని కూలబడ్డాడట.

నేను ఇంట్లో ఉండగానే మారయ్య వచ్చాడు. ఆయన మడి ఆయకట్టుకు చిట్టచివర ఉంది. నీళ్లు తక్కువైతే మొదట ఎండేది అదే. గుమ్మంలోకి రాలేదు, వాకిట్లోనే నిలబడి మాట్లాడాడు.

"పెద్దులూ, గట్లయితే నా మడి ఎండుడే గదరా. నువ్వు కట్ట మీద కూసుంటే, వాడు నీళ్లు పారబోస్తాండు."

"వచ్చే వంతు నీకే పటేలా. ఫికర్ జెయ్యకు."

"నీ మాట మీద నమ్మకమున్నది. వాని చేతి మీద లేదు. నీకు చాతగాదంటే చెప్పు, ఊరు ఏదో ఒకటి చూసుకుంటది." అని వెళ్లిపోయాడు.

ఆ చివరి మాట మా ఇంట్లో చాలాసేపు ఉండిపోయింది. ఊరు చూసుకోవడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. తూము ఒకసారి చిన్నాయన పేరున పడితే మళ్లీ మా గడప తొక్కదు. బాపు చుట్ట కోసం గూట్లో తడిమి, గుర్తొచ్చి చేయి వెనక్కి తీసుకున్నాడు.

"బిడ్డా, నేను మల్ల తూము కాడికి ఎప్పుడు పోవాలె?"

ఆ రోజు నేను "ఇంక పోవద్దు" అని ఉండాల్సింది. లేదా డాక్టరమ్మను అడిగి చెబుతానని అన్నా సరిపోయేది. కాని అడిగింది మా బాపు. అంత పెద్ద మనిషి నా ముందు కూర్చుని, బడిపిల్లవాడు సెలవు అడిగినట్టు అడుగుతున్నాడు. నాకు జాలీ వేసింది, నా పెద్దరికం నాకే ముద్దూ వచ్చింది. ఏదో ఒక లెక్క చెప్పాలనిపించింది.

"వారం మొత్తం ఒక్క గోలీ గూడ పట్టకుంట ఉన్నవనుకో, అప్పుడు పో," అన్నాను.

"ఒక్కటి గూడనా?"

"ఒక్కటి గూడ."

బాపు సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. ఇరవై ఆరు మిగిలాయి. ఆయన చెరువును కూడా అట్లాగే చూసేవాడు, కట్ట మీద నిలబడి, ఒక కన్ను మూసి. చెరువును మూడు పాళ్లు చెయ్యాలనేది ఆయన లెక్క. ఒక పాలు నాటుకు, ఒక పాలు వరి పొట్టకొచ్చినప్పుడు, ఒక పాలు గింజ పాలు పోసుకునేటప్పుడు. మొదటి రెండూ ఎంత అడిగినా ఆ మూడో పాలు ముట్టనిచ్చేవాడు కాదు. పొలాలు నెర్రెలిచ్చి రైతులు కట్ట మీదికొచ్చి తిట్టినా సరే, "ఓర్వాలె, వరి ఓరుస్తది," అనేవాడు.

తరువాతి ఆదివారం మూడే తగ్గాయి. ఆ తరువాతి ఆదివారం సీసా బోర్లించి రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవై మూడు. వారం కిందట ఎన్ని ఉన్నాయో అన్నీ ఉన్నాయి.

"ఒక్కసారి గూడ రాలేదా బాపూ? నిజంగ?"

"నీ ముందరనే ఉన్నయి గద. లెక్క చూసుకో."

నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. అమ్మను కోడిని కోయమన్నాను. అమ్మ ఎందుకో కోడి వెంట చాలాసేపు తిరిగింది, పట్టుకోవడం రానిదానిలా. నా సంతోషంలో అది కూడా నాకు నవ్వులాటగానే కనిపించింది.

మరునాడు పొద్దున దవాఖానకు పోయేముందు నేను కట్ట మీదికి వెళ్లాను, బాపు తూము ఎత్తడం కళ్లారా చూద్దామని. ఏసోబు చిన్నాయన ముక్కు ఎగబీలుస్తూ పక్కన నిలబడ్డాడు. బాపు నీళ్లలోకి దిగాడు. కర్రను చంకలో పెట్టుకున్నాడు. దిమ్మె కదిలింది. తూములో నీళ్లు గుబగుబమని పారిన చప్పుడు వినిపించగానే కట్ట మీద ఉన్న నలుగురు కాపులూ "ఆఁ" అన్నారు. బాపు మాత్రం వెంటనే పైకి రాలేదు. కర్రకు తల ఆనించి అట్లాగే ఉన్నాడు. కొత్త పెళ్లామో, కర్రో అని ఎవరో హాస్యమాడారు. అందరితో పాటు నేనూ నవ్వాను.

పైకి వచ్చాక చేయి పట్టుకుని నాడి చూశాను. చేయి చల్లగా ఉంది, మొహం నిండా నీళ్లు కారుతున్నాయి. ఆంజైనా మనిషికి చెమట పట్టి ఒళ్లు చల్లబడితే నొప్పి వచ్చిందని గుర్తు. దవాఖానలో అయితే ఆమడ దూరంనుంచే పోల్చుకునేదాన్ని. చెరువులోంచి అప్పుడే లేచిన మనిషి మొహం మీద చెమట ఏదో, నీళ్లు ఏవో ఎట్లా పోల్చుకోను? నీళ్లే అనుకున్నాను. నాడి వడిగా కొట్టుకుంటోంది. పని చేశాడు కదా అనుకున్నాను. మనం ఏది కావాలనుకుంటామో దానికి కారణాలు వెతుక్కుంటూ వస్తాయి.

"మంచిగున్నదా బాపూ?"

"చానా దినాలకు మంచిగున్నది," అన్నాడు. ఆ మాట నిజమే. ఆయన మొహంలో అట్లాంటి వెలుగు నేను మళ్లీ చూడలేదు.

డాక్టరమ్మకు నా పుస్తకంలో వరుసగా పడుతున్న సున్నాలు చూపించాను. ఆమె నొసలు ముడిచి, "విశ్రాంతితో కొంతమందికి తగ్గుతుందమ్మా. కాని తూము ఎత్తుతూ తగ్గడమేమిటి? ఒకసారి తీసుకురా, చూస్తాను," అంది. ఇంటికి పోయి అడిగాను. వరి పొట్టకొచ్చింది, ఇప్పుడు కదిలితే నీళ్లు ఆగమైతాయి, కోతలు కానీ అన్నాడు. సరేనన్నాను. ఆ సరే కూడా నాదే.

ఆరు ఆదివారాలు ఆరు సున్నాలు వేశాను. ఆ ఆరు వారాల్లో బాపు కాస్త చిక్కాడు. చుట్ట మానినందుకు అనుకున్నాను. మాట తగ్గింది. వయసు అనుకున్నాను.

ఏడో వారం చివర్లో, ఎండ బాగా ముదిరిన పూట, బండి ఒకటి దవాఖాన గేటులోకి వచ్చింది. ఎడ్లను తోలుతున్నది మారయ్య. వెనక గడ్డి పరిచి బాపును పడుకోబెట్టారు. అమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాపు బండిలో మా వాడ మనిషి పడుకుని రావడం నేను అంతకుముందు చూడలేదు. అది చూసేసరికే నాకు సంగతి అర్థమైంది.

చివరి తడి పారించే రోజట అది. దాచిపెట్టిన మూడో పాలు నీళ్లు వదలడానికి దిగాడు. దిమ్మె ఎత్తాడు. తూము పారింది. బాపు కర్ర పట్టుకునే జారిపోయాడు. మారయ్యే నీళ్లలో దూకి, మైల అని కూడా చూడకుండా చంకల కింద చేతులు వేసి బయటికి లాగాడు. అమ్మ అప్పుడు ఒకదాని తరువాత ఒకటి మూడు గోలీలు నాలుక కింద పెట్టిందట. నొప్పి పోలేదు. రెండు గంటలుగా అట్లాగే ఉంది.

డాక్టరమ్మ సూది వేసింది. నన్ను వరండాలోకి పంపింది. అమ్మ అక్కడ గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎప్పటినుంచి మల్ల మొదలైందే?" అని అడిగాను.

"మల్ల మొదలయ్యేదేంది బిడ్డా? ఎన్నడు తక్కువైంది గనక?"

అమ్మే చెప్పుకుపోయింది.

"రోజుకు రెండు మూడు సార్లు వస్తది. కట్ట ఎక్కంగ వస్తది, తూము ఎత్తంగ వస్తది. పండ్లు బిగవట్టుకోని నిలబడతడు. పోయినాంక మల్ల పని చేసుకుంటడు."

"గోలీ ఎందుకు పెట్టుకోలే? నువ్వన్న ఎందుకు పెట్టలే?"

"లెక్క తప్పితే బిడ్డ నన్ను తూము కాడికి పోనియ్యదన్నడు." అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను గూడ గట్లనే అనుకున్న. మల్ల దొరకయంటివి. సీసల గోలీలు ఒడిసినకాడ ఆయన ఆయుష్షు ఒడుస్తదనుకున్న. ఓర్చుకున్నన్ని దినాలు ఓర్చుకోనీ, దినాలు పెరుగుతయి అనుకున్న బిడ్డా."

నేను అమ్మను తిట్టలేకపోయాను. ఏమని తిట్టను? ఆమెకు లెక్క నేర్పింది నేనే.

దవాఖానలో బాపు ఎనిమిది రోజులు బతికాడు. గుండె కండలో కొంత భాగానికి నెత్తురు పూర్తిగా ఆగిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఆరు వారాలు కదలకుండా పడుకోవాలి, చేయి కూడా తానుగా ఎత్తకూడదు, నీళ్లు కూడా చెంచాతో పట్టాలి అంది. ఇంతకు మించి మందు లేదు. మిగిలింది నర్సు చేతిలో ఉంది అంది. నర్సును నేనే.

ఒళ్లు తుడిచాను. పక్కకు తిప్పి దుప్పటి మార్చాను. జావ చెంచాతో పోశాను. మలమూత్రాలు మంచం మీదే ఎత్తాను. "బిడ్డ చేత గిట్ల చేయించుకునుడేంది," అని బాపు కళ్లు మూసుకునేవాడు. నాకు మాత్రం ఆ పనులున్నంతసేపే ఊపిరి ఆడేది. పని అయిపోయి, చేతులు ఖాళీ అయ్యి, ఆ పక్కన స్టూలు మీద కూర్చుంటే నేను ఎందుకూ కొరగాని మనిషినని తెలిసేది. నాడి రాసేదాన్ని. జ్వరం చూసి రాసేదాన్ని. కాగితం మీద అంకెలు ఎంత చక్కగా పడినా నాడి మాత్రం రోజురోజుకూ సన్నబడుతూనే ఉంది.

రెండో రోజు బాపు కాస్త తేరుకుని, మెడలో సంచిని కళ్లతోనే చూపించాడు. నేను సీసా తీశాను. అమ్మ ఆ రోజు పెట్టిన మూడూ పోగా ఇరవై ఉన్నాయి. బాపు దాన్ని డాక్టరమ్మ చేతికి ఇప్పించాడు.

"అమ్మా, ఆఖరుకు మా సాలమ్మ మూడు వాడింది. లేకుంటే ఇరవై మూడు మిగిలేటియి. మీకు మల్ల దొరకయంట గద. ఇంకెవలకన్న పనికొస్తయి."

డాక్టరమ్మ సీసాను చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా వంక చూసింది. తిట్టినా బాగుండేది. "ఇవి మీవేనండీ ఇస్రాయేలు గారూ," అని సీసా మంచం పక్కన బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆరో రోజు మారయ్య వచ్చాడు. కిటికీ అవతల నిలబడి తలపాగ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పెద్దులూ, నా మడి పారింది. కడ మూల దాక పారింది. గింజ పాలు పోసుకుంటాంది."

"చెరువుల ఎంత మిగిలింది పటేలా?"

"మోకాటి లోతుంటది."

"అది ఎవ్వలకు ఇయ్యకుండ్రి. ఏసోబుకు చెప్పు. పసులకు ఎండకాలం తాగ నీళ్లు గవ్వే."

మారయ్య తలపాగ చుట్టుకుంటూ వెళ్లిపోయాడు. బాపు మొహం ప్రశాంతంగా ఉంది. ఇక బతుకుతాడేమో అనిపించింది నాకు. నర్సులకు కూడా అట్లా అనిపిస్తుంది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మళ్లీ నొప్పి వచ్చింది. ఉన్నట్టుండి పెదవులు నల్లబడ్డాయి. అమ్మ పరుగెత్తి డాక్టరమ్మను పిలవడానికి పోయింది. నేను సీసా మూత తీసి ఒక గోలీ వేళ్ల మధ్య పట్టుకున్నాను. అప్పటికి ఆ గోలీ ఆయన నొప్పిని తీర్చలేదని నాకు తెలుసు. అయినా నా చేతిలో ఉన్నది అదొక్కటే.

"నోరు తెర్వు బాపూ. నాలిక కింద పెడ్త."

ఆయన కళ్లు తెరిచాడు. సూది మందు మత్తులో ఉన్నాడు. నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"ఇయ్యాల ఏం వారం బిడ్డా?"

"శనారం. నోరు తెర్వు."

బాపు పెదవులు బిగించాడు. తల కొంచెం అటు తిప్పాడు. కదలకూడదని ఎనిమిది రోజులుగా నేను చెప్పిన తల అది.

"అయితే ఒద్దు," అన్నాడు. "రేపే గద నువ్వు లెక్క చూసేది."

"లెక్క లేదు బాపూ. ఇగ ఏ లెక్కా లేదు. నువ్వు తూము కాడికి పోదువు, నేను ఒద్దనను, తెర్వు బాపూ," అని బతిమాలాను. ఏడుస్తూ బతిమాలాను. పెదవుల మధ్య వేలు పెట్టి తెరవబోయాను. ఎంతమంది నోళ్లో తెరిపించి మందు పోసిన చేయి నాది. ఆయన పండ్లు బిగవట్టుకున్నాడు, ఆ ఆరు వారాలూ కట్ట మీద నిలబడి బిగవట్టుకున్నట్టే. అమ్మ, డాక్టరమ్మ వచ్చేసరికి గోలీ నా వేళ్ల మధ్యే కరిగిపోయింది.